పూత అయిపోయిన కుండీలు

మా అంతస్తులో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆవిడ కుండీలమ్మ. మెట్లెక్కి ఏ గుమ్మంలోకి పోవాలన్నా ముందు ఆవిడ కుండీలను దాటాలి. పేపరు వేసే మనిషి వాటిని కాలితో తన్నుకుని తిట్టుకునేవాడు, తిట్టుకుంటూనే మళ్లీ వరసగా సర్ది వెళ్లేవాడు. నేను ఎదురింటిదాన్ని. మొక్కల పిచ్చి నాకు లేదు. ఆ మట్టి, ఆ తడి, ఆ పురుగులు, ఏం సంబరమో అనుకునేదాన్ని. మనిషి మీద ఇష్టం కొద్దీ కుండీలను భరించాను.

ఆవిడది పెద్ద హోటల్లో మొక్కలు చూసుకునే ఉద్యోగం. అక్కడ వచ్చేవాళ్లు కూర్చునే హాలు నిండా బ్రోమిలియాడ్లు పెట్టేవాళ్లు. అనాస జాతి మొక్క అది. ఆకులన్నీ చుట్టూ పేర్చినట్టుండి, నడుమ గిన్నెలాంటి గుంట ఉంటుంది. నీళ్లు ఆ గుంటలోనే పోయాలి. అందులోంచే ఎర్రటి పువ్వు లేచి నెలల తరబడి వాడకుండా నిలబడుతుంది. హోటలు వాళ్లకు కావలసింది ఆ ఎరుపే. అది పాలిపోవడం మొదలవగానే మేనేజరు "తీసేయండి" అనేవాడు. ఆ మొక్క జన్మకు ఒక్కసారే పూస్తుంది మరి. వాళ్ల దృష్టిలో దాని పని అయిపోయింది. కుండీలమ్మ దృష్టిలో అసలు పని అప్పుడే మొదలు.

పారేయమన్నవాటిని బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చేది. "దీనికీ టికెట్టు కొట్టమంటావా అమ్మా?" అని కండక్టరు ఏడిపించేవాడట. "కొట్టవయ్యా, కానీ కిటికీ పక్క సీటివ్వాలి" అనేదట ఈవిడ.

తెచ్చాక వాడిన పూకాడను కింది దాకా కత్తిరించి, గుంటలో పాత నీళ్లు ఒంపి కొత్తవి పోసి, ఎండ సూటిగా తగలని బాల్కనీ మూల పెట్టేది. కొన్నాళ్లకు మొక్క మొదట్లో, ఆకుల సందున, పిలక తల పెట్టేది. ఒకసారి అలాంటి పిలకను చూసి ముచ్చటపడి, విడదీసి నాకొకటి ఇవ్వమన్నాను. ఒంటికాలి మీద లేచింది.

"అప్పుడేనా అక్కా! దానికింకా వేళ్లన్నా రాలేదు. తల్లిలో సగమన్నా అవ్వాలి. అప్పటిదాకా తిండి తల్లే పెడుతుంది."

"ఆ తల్లి చూస్తే సగం ఎండిపోయింది కదే!"

"ఎండితే ఏం? పెడుతుంది."

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊళ్లో లిఫ్టులన్నీ ఆయన చేతి మీద నడుస్తాయి, ఆయన మాత్రం లిఫ్టు లేని మా బిల్డింగులో మెట్లెక్కి ఆయాసపడుతుంటాడు. మాట తక్కువ, మనసు మెత్తన. వాళ్లకు ఒక్కతే కూతురు, బుడంకాయ. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని పెట్టిన ముద్దుపేరు అది. అయిదో తరగతికొచ్చి కర్రపుల్లలా సాగినా ఆ పేరు పోలేదు.

అంతలో కుండీలమ్మకు కడుపులో గడ్డ బయటపడింది. ఆపరేషను అయింది, సూదిమందులు మొదలయ్యాయి, జుట్టు రాలిపోయింది. పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు భర్తను బయటికి పిలిచి చెప్పాడు. బయటికి పిలిచినప్పుడే ఈవిడకు అర్థమైపోయింది.

ఇక అక్కడినుంచి అందరం ఆవిడను కంటికి రెప్పలా చూసుకోవడం మొదలుపెట్టాం. ఉద్యోగం మాన్పించారు. బీరువా తాళాలు "నీకెందుకు శ్రమ" అని భర్త తీసుకున్నాడు. కూరగాయలు తరుగుతుంటే కత్తి లాక్కున్నారు. ఆఖరికి పిల్ల వంతు వచ్చింది. భర్త అక్కగారు వచ్చి, స్కూలు తమ ఇంటికే దగ్గర కదా అని బుడంకాయను తనతో తీసుకుపోయింది. మంచి మనసుతోనే తీసుకుపోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. పసిదాని కంట ఇవన్నీ పడకూడదని ఆవిడ ఉద్దేశం.

వారం గడిచింది, నెల గడిచింది. "పిల్లను తీసుకురండి" అని ఈవిడ, "వచ్చే వారం తెస్తాలే" అని ఆయన. ఫోనులో తల్లీకూతుళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లలా మాట్లాడుకునేవారు. "బాగున్నావా?" "బాగున్నా." "తిన్నావా?" "తిన్నా." ఆ తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు. ఆవిడకు కావలసింది ఒక్కటే, ఉన్నన్నాళ్లూ కూతురు దగ్గరుండాలి. ఆయనకు కావలసిందీ ఒక్కటే, తల్లి అలా కరిగిపోతుంటే కూతురు చూడకూడదు. నన్నడిగితే ఆయన మీదే ఒళ్లు మండేది. కానీ ఆ మనిషి మొహం చూస్తే తిట్టడానికి నోరొచ్చేది కాదు.

ఒకసారి సూదిమందు పడక ఆవిడను ఆసుపత్రిలోనే ఉంచారు. ఇంట్లో తడి ఉండకూడదు, దోమలు చేరకూడదు అని అక్కడివాళ్లు గట్టిగా చెప్పారు. ఆయన ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి బాల్కనీ మీద పడ్డాడు. లిఫ్టు బిగించినంత శ్రద్ధగా పని చేశాడు. వడిలిన తల్లిమొక్కలన్నింటినీ పెరికి, పిలకలను తుంపి, కొత్త తెల్ల కుండీల్లో వరసగా నాటాడు. తల్లిమొక్కలను గోతాంలో కుక్కి చెత్తబండికి ఎత్తేశాడు. ఆవిడ చూసి సంతోషిస్తుందనుకున్నాడు పాపం.

ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించి తెచ్చిన రోజు నేనూ వెనకాలే సంచీలు మోశాను. లోపలికి రాగానే బాల్కనీ వైపు చూసింది.

"తల్లులేవి?" అంది.

"ఎండిపోయాయిగా, తీసేశాను. చూడు, పిల్లలన్నీ ఎంత శుభ్రంగా ఉన్నాయో!"

ఆవిడ చెయ్యి చాచి ఒక పిలకను పట్టుకుంది. అది వేలెడు వేరు కూడా లేకుండా ఊడి చేతిలోకొచ్చింది. ఇంకోటి పట్టుకుంటే అదీ అంతే. రెండిటినీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అవి ఎండిపోలేదండీ, ఎండుతున్నాయి. ఎండుతూనే వీటికి పెడుతున్నాయి."

"పోనీలే, కొత్తవి తెస్తాను. నర్సరీలో బోలెడు..."

"నేనూ ఎండుతూనే ఉన్నాను. నన్ను గోతాంలో వెయ్యకుండా కుర్చీలో కూర్చోబెట్టారు. అంతే తేడా."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను సంచీలు కింద పెట్టడం కూడా మరిచిపోయాను.

"అదేం మాట? పిల్ల మంచికే కదా నేను..."

"దాని మంచి నాకు తెలీదా? జడ వేసుకోవడం రాదు దానికి. చీకటంటే భయం. పెద్దదవుతోంది, చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. అవి మీరు చెప్పలేరు, వదిన చెప్పదు. నేను పోయాక అది ఎక్కడుండాలో మీరే చూసుకుంటారు. నేనుండగానే ఎందుకు పంపారు?"

"నేను అడిగాను. రమ్మంటే రానంది."

"రానందా?"

ఆయన చేతిలోని మందుల కవరు మడత పెట్టాడు, విప్పాడు. ఆఖరికి నేలచూపులు చూస్తూ, "అమ్మే నిన్ను అక్కడ ఉండమంది అని చెప్పాను" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది. తల్లికి కూతురు రానందని, కూతురికి తల్లి వద్దందని చెప్పి, ఇద్దరినీ ఇలా కాపాడుతున్నాననుకున్నాడు ఆ మహానుభావుడు. కుండీలమ్మ ఒళ్లోని పిలకల మొదళ్లను వేలితో తడుముతూ కూర్చుంది.

"ఇప్పుడే బయల్దేరు తమ్ముడూ" అన్నాను.

"చొక్కా మార్చుకుని..."

"ఆ చొక్కాకేం, బ్రహ్మాండంగా ఉంది. నడువు!"

దీపాలు పెట్టకముందే తీసుకొచ్చాడు. బుడంకాయ పుస్తకాల సంచీతో గుమ్మంలోనే ఆగిపోయింది. జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది. ఆ ఇంట్లో పొద్దున్నే జడ వేసే తీరిక ఎవరికీ లేదట. తల్లి కూతురి జుట్టు వైపు చూసింది, కూతురు తల్లి తలకు కట్టుకున్న గుడ్డ వైపు చూసింది.

"నన్నెందుకు అక్కడ ఉండమన్నావు?" అంది పిల్ల.

"నేననలేదు."

పిల్ల తండ్రి వైపు తిరిగింది. "నేనే అన్నాను నాన్నా. అమ్మ అనలేదు" అన్నాడాయన. ఆ మాట చెప్పేసి వంటింట్లోకి వెళ్లిపోలేదు, అక్కడే నిలబడ్డాడు. అందుకు మాత్రం ఆయన్ని మెచ్చుకున్నాను.

ఆ పిల్ల లోపలికైతే వచ్చింది గానీ తల్లి దగ్గరికి పోలేదు. సోఫా చివర చుట్టంలా కూర్చుంది. నేను తెచ్చిన పాలు "థాంక్స్ పెద్దమ్మా" అని తాగింది. ఇన్నేళ్లలో ఆ పిల్ల నోట నేను థాంక్స్ విన్నది అదే మొదటిసారి.

కుండీలమ్మ ఒళ్లోని పిలకలను కూతురికి చూపించింది. "వీటిని మళ్లీ పెడదాం రా. బతికేవి బతుకుతాయి" అంది. తను వంగలేదు కాబట్టి కుర్చీలోంచే చెబుతూ వచ్చింది. తెగినచోటు గాలికి ఆరనివ్వాలంది. ఆరినవాటిని కొబ్బరి పీచులో నిలబెట్టి, ఊగకుండా పుల్ల ఆనించమంది. బుడంకాయ చెప్పినట్టే చేసింది. కాసిని నీళ్లు పొయ్యమనగానే చెంబెత్తి కుండీలోకి గుమ్మరించింది. పీచంతా తేలిపోయి, పిలక పక్కకు ఒరిగింది.

"ఓసి మొద్దు మొహమా! అక్కడ కాదే, గుంటలో! వేళ్లు లేనిదాని కింద తడిపితే కుళ్లిపోదూ? కళ్లెక్కడ పెట్టుకున్నావే?"

ఆ గొంతు విని నేను అదిరిపడ్డాను. జబ్బు చేశాక అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేను వినలేదు. భర్త గాభరాగా ముందుకొచ్చి, "మెల్లిగా చెప్పు, ఇప్పుడే కదా వచ్చింది" అన్నాడు.

బుడంకాయ చెంబు కింద పెట్టింది. ఉన్నట్టుండి తల్లి మోకాళ్ల మీద తల పడేసి, బిల్డింగంతా వినపడేలా బావురుమంది.

"అత్తయ్య వాళ్లింట్లో నన్నెవ్వరూ తిట్టరమ్మా! ఏం చేసినా తిట్టరు! అందరూ పాపం, పాపం అంటారు!"

కుండీలమ్మ మట్టిచేతులతోనే దాన్ని దగ్గరికి లాక్కుంది. ఆ కత్తిరించిన జుట్టును, పోసిన నీళ్లను, ఫోనులో "బాగున్నా" అన్న ఆ పొడి మాటను, ఒక్కోటీ ఎత్తి చూపుతూ, ఊపిరి అందినంతసేపూ కూతుర్ని తిట్టింది.