సాక్షిగా గురజాలకు

కోర్టు సమన్లు అందిన మూడో రోజున ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. ముప్పాళ్ళలో మాది చిన్న ఇల్లు. ముందు గదిలో నా కుట్టుమిషను ఉంటుంది. వాళ్లు కేకలేయలేదు. మంచినీళ్లు అడిగి తాగారు. ఆ రోజు సరిగా కనబడలేదని చెబితే చాలునని, ఊరుకాని ఊరి గొడవ మీకెందుకని చెప్పి వెళ్లారు.

నిరుడు మా అక్కను చూసి వస్తూ గురజాల దగ్గర ఒక బస్టాపులో నిలబడి ఉన్నాను. పక్కనే కరీమ్ అనే మెకానిక్‌ది షాపు. తన బండి ముందు చేయలేదన్న కోపంతో ఒకడు ఇనుపరాడ్డుతో కరీమ్ మోకాలు విరగ్గొట్టాడు. కొట్టినవాడి ముఖం పదడుగుల దూరం నుంచి చూశాను. అంబులెన్సు వచ్చేదాకా కరీమ్ తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పాను.

మా పాస్టరుగారు ప్రార్థన చేసి, వాయిదా అడిగే వీలుందేమో చూడమన్నారు. ఆయనకూ భయమే, తప్పు పట్టను. మా ఆయన యేసురత్నం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వెళ్లే రోజు మాత్రం నాకంటే ముందే లేచి, పులిహోర కలిపి క్యారేజీ కట్టాడు. తోడొస్తానన్నాడు. ఇంటి మీదికి మళ్లీ ఎవరైనా వస్తే ఎలాగని నేనే వద్దన్నాను.

ఆరున్నరకు ఆటో ఎక్కితే ఏడు దాటేసరికి సత్తెనపల్లి స్టేషనులో ఉన్నాను. మాచర్ల పాసింజరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన నడికుడిలో కిరాణా కొట్టున్న ఒకావిడ కూర్చుంది. పెళ్లికి వెళ్లి వస్తున్నానని, రెండు రోజులుగా కొట్టు మూసే ఉందని చెప్పింది. నేనెక్కడికని అడిగితే గురజాల అని మాత్రం అన్నాను.

బెల్లంకొండ దాటాక ఒక మనిషి పెట్టెలో అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఇంట్లో మంచినీళ్లు తాగిన ఇద్దరిలో ఒకడు, కొట్టినవాడి అన్ననని ఆ రోజు చెప్పుకున్నవాడు.

"పిడుగురాళ్ళలో దిగండమ్మా. అక్కణ్ణుంచి సత్తెనపల్లికి బస్సులు చానా ఉన్నాయి," అన్నాడు మెల్లగా.

కళ్లు మూసుకుంటే నా భయం వాడికి తెలిసిపోతుందని, కిటికీలోంచి చూస్తూనే లోపల ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఈ భయం తీసెయ్యమని అడిగి అడిగి అలసిపోయాను, ఉంటే ఉండనీ. నువ్వు నా పక్కన ఉండు. గురజాల వచ్చేదాకా నన్ను ఈ సీట్లోంచి లేవనీయకు.

సున్నపు బట్టీల తెల్లటి దుమ్ములో పిడుగురాళ్ళ వచ్చింది. బండి ఆగగానే అతను లేచి నా సంచీ అందుకోబోయాడు. కిరాణా కొట్టావిడ ఆ సంచీ మీద చెయ్యి వేసింది.

"ఏందయ్యా, ఆమె గురజాల పోవాలంటే నువ్వు ఇక్కడ దిగమంటావేంది?"

అతను నా ముఖంలోకి చూశాడు. "నేను గురజాలలోనే దిగుతాను," అన్నాను. అతను వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. నడికుడిలో ఆవిడ దిగిపోయాక ఆ కాస్త దూరం ఎంతకూ తరగలేదు. అతను అక్కడే ఉన్నాడు. నేనూ కదలలేదు.

గురజాలలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. నలుగురు ఆడవాళ్లున్న ఆటో చూసి ఎక్కాను. కోర్టు ఆవరణలో ప్రభుత్వ వకీలుగారికి సమన్లు, ఆధార్ కార్డు చూపించి, రైల్లో జరిగింది ముందే చెప్పాను. చేతికర్ర మీద కరీమ్ వచ్చాడు. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు రారనుకున్నానమ్మా," అంది.

పన్నెండు దాటాక బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. బోనులో నిలబడి ప్రమాణం చేశాను. కొట్టినవాణ్ణి చూపించమంటే వేలెత్తి చూపించాను. అవతలి వకీలు నా కళ్లజోడు గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. అది సూదిలో దారం ఎక్కించడానికని, దూరం బాగానే కనబడుతుందని చెప్పాను. ఎవరి బలవంతం మీద ఇలా చెబుతున్నావని చివరికి అడిగాడు.

"దేవుని ఎదుట నిజం చెబుతానని ఇప్పుడే ప్రమాణం చేశానండి. చూసింది చూడలేదని చెప్పి, ఇంటికెళ్లి ఆయన ముందు మోకాళ్లూనలేను," అన్నాను.

జడ్జిగారు అది రాయించారు. ప్రభుత్వ వకీలుగారు చెబితే రైల్లో బెదిరింపు సంగతి కూడా రాయించి, నన్ను స్టేషనుదాకా దిగబెట్టమని కానిస్టేబులుకు చెప్పారు. అప్పుడుగానీ క్యారేజీ విప్పాలన్న ధ్యాస రాలేదు. పులిహోర సగం కరీమ్ వాళ్లమ్మకు పెట్టాను.

మూడున్నర బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన దగ్గరకొచ్చాడు. దెబ్బలాట రోజు తానూ ఆ బస్టాపులోనే ఉన్నాడట. వచ్చే వాయిదాకు తనకూ సమన్లు వచ్చాయట.

"గుర్తులేదని చెబుదామనుకున్నా అక్కా. ఇవాళ నువ్వు చెప్తుంటే కిటికీ దగ్గర నిలబడి విన్నా. లోపల ఏమేం అడుగుతారు?"

అన్నీ చెప్పాను. ఎప్పుడు పిలుస్తారో, ఎంతసేపు నిలబెడతారో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో. రైల్లో ఎంత భయపడ్డానో కూడా దాచలేదు. ఆయన తలూపుతూ విన్నాడు. బండి వచ్చాక కిటికీ దాకా వచ్చి, ఆ రోజుకు తన కోసం ప్రార్థన చేయమని అడిగి పేరు చెప్పాడు.

తీర్పు ఇంకా రాలేదు. సత్తెనపల్లి చేరేదాకా బండి ఆగిన ప్రతి స్టేషనులోనూ ఎక్కేవాళ్ల ముఖాలు చూస్తూనే ఉన్నాను. ఆ భయంతోనే బయల్దేరాను, దానితోనే తిరిగొచ్చాను. దేవుడు నన్ను మధ్యలో దిగిపోనివ్వలేదు. ఇలాంటి కాగితం అందుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే, పొద్దున బండికి సత్తెనపల్లి ఏడింటికల్లా చేరుకోండి. ఒంటరిగా వెళ్లలేమనిపిస్తే ముప్పాళ్ళలో నన్ను అడగండి, తోడొస్తాను.