నీళ్ళు వెనక్కి మళ్ళే వేళ

మీరు కొత్తగా చేరిన వేల్స్ ఊళ్ళో సముద్రం ఫోన్లో చూపించారు కదా, నీళ్ళు వెనక్కి పోయి పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి ఉన్నాయి. అది చూడగానే నాకు గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా గుర్తొచ్చింది పిల్లలూ.

నాకప్పుడు ఏడేళ్ళు. నాన్న అక్కడ పడవల మోటార్లు బాగుచేస్తూ, అమ్మనీ నన్నూ పిలిపించుకున్నాడు. అమ్మమ్మ మాత్రం నెల్లూరు దగ్గర సముద్రపొడ్డున మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఇక్కడ తగ్గిన నీళ్ళన్నీ అమ్మమ్మ ఒడ్డుకే పోతాయని నా నమ్మకం. అందుకే రోజూ నీళ్ళు మళ్ళే వేళకి బాదం ఆకు మీద ఖర్జూరం పెట్టి వదిలేదాన్ని.

"గింజ తీసి పంపవే, ఉన్న రెండు పళ్ళూ ఊడిపోతాయి మా అమ్మకి" అని అమ్మ నవ్వేది.

ఒకరోజు అమ్మ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. "మన పాస్‌పోర్టులు కఫీల్ దగ్గరున్నాయి. ఆయన ఊర్నించి వచ్చేదాకా కదల్లేం" అని నాన్న మెల్లగా చెప్తున్నాడు. మాకు వీసా ఇచ్చిన యజమానే కఫీల్. సెలవులకి వెళ్దామని అమ్మ అడుగుతోంది కాబోలనుకున్నాను.

సాయంత్రం అమ్మ బెల్లం పొంగలి వండి, బాదం ఆకులో పెట్టి, తనే నీళ్ళలో వదిలింది.

"అమ్మమ్మకేనా?"

"ఆమెకే."

"అందుద్దా?"

"అందుద్దిలే తల్లీ."

పొంగలి పక్కన నేనూ ఒక ఖర్జూరం పెట్టాను, గింజ తీసి.

మరుసటి వేసవిలో ఊరికి వెళ్తే, అమ్మమ్మ పడుకునే నులకమంచం గోడకి నిలబెట్టి ఉంది. నా ఖర్జూరాలు ఒడ్డుకి వచ్చాయా అని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఎవరినీ అడగలేదు.