ఎడమ చేతులు

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక.

పటమటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. "మాస్టారు ఫారిన్‌లో చెప్పొచ్చారండీ" అని తల్లిదండ్రులు గొప్పగా అనుకుంటుంటే తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటాను. ఆ ఫారిన్ ఇథియోపియా. చిన్న ఊళ్లో గవర్నమెంటు బడి. బెంచీలు చాలక పిల్లలు కిటికీల్లో కూడా కూర్చునేవారు. వెనక వరసల దాకా నా గొంతు చేరేది కాదు.

క్లాసును రెండు చేసి ఇంకో టీచర్ని ఇమ్మని హెడ్మాస్టరు పైవాళ్లని అడిగాడు. అవసరమో కాదో చూడ్డానికి ఆఫీసరు వస్తున్నాడన్నారు. నాకు భయం పట్టుకుంది. పిల్లలకి రాదని తేలితే నాకే చెప్పడం రాదంటారేమో, కాంట్రాక్టు పొడిగించరేమో. పామర్రులో నేను చదివిన బడి గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్షన్ అంటే మా మాస్టార్లు చేయించిన పనే నేనూ చేయించాను. ఏ ప్రశ్నకైనా అందరూ చెయ్యెత్తాలి. వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి. పాఠాల కంటే ఇదే త్వరగా వచ్చింది వాళ్లకి.

ఆఫీసరు ముందు క్లాసంతా చేతులెత్తింది. నేను కుడిచేతులవాళ్లనే లేపాను. ఆయన నా భుజం తట్టి, ఈయనుండగా ఇంకో టీచరెందుకు అన్నాడు. రావలసిన టీచరు వేరే బడికి వెళ్లిపోయాడు. నాకు సిగ్గేసిందా? లేదు. సంతోషమేసింది.

ఆ ఏర్పాటు ఇక చాలని పిల్లలకి చెప్పలేదు. వాళ్లు ఏడాదంతా అలాగే ఎత్తారు. ఎడమచెయ్యెత్తితే సారు దగ్గరికొచ్చి మళ్లీ చెబుతారనుకున్నారు కాబోలు.

పరీక్షలో వెనక బెంచీలవాళ్లు చాలామంది తప్పారు. ఆల్మాజ్ అనే అమ్మాయి కూడా. నర్సు కావాలని ఆశ ఆ పిల్లకి. బడి మానేస్తూ నా దగ్గరికొచ్చింది.

"సార్, నేను రోజూ ఎడమచెయ్యెత్తాను. మీరు చూడలేదా?"

"వెనకాల కూర్చునేదానివి కదమ్మా. కనబడలేదు."

"సరే సార్" అని వెళ్లిపోయింది. కోప్పడి ఉంటే బాగుండేది.

నేను చెప్పింది అబద్ధం. ఆగి చెబితే సిలబస్ సాగదని, నిజానికి ఓపిక లేక, కుడిచేతుల వైపు తిరిగిపోయేవాణ్ని. ఆల్మాజ్‌కి తెలుగు రాదు, ఇది చదవదు. క్షమించమనడానికి కూడా దారి లేదు. అయినా ఆమె అడిగినదానికి జవాబు ఒకసారి పైకి అనాలి.

చూశానమ్మా. రోజూ చూశాను.