తిరుపతిసామి మామ గుంటలో నా ఇడ్లీ సంచి

తప్పు నాదే. ఆ సంచి తగిలించింది నేనే, తీసింది నేనే. మా అక్క వసంతి గుండె ఆగినంత పని చేసిందీ నేనే.

అక్కకు పన్నెండు మరమగ్గాలు. అద్దె షెడ్డు మూడు నెలల్లో ఖాళీ చేయాలి. సొంత షెడ్డుకు దొరికిన చోటేమో విరుదునగర్ పక్కన వాగు ఒడ్డు, తవ్వితే అంతా ఇసుక. అది మగ్గాల బరువు, అదురు తట్టుకుంటుందో లేదో చెప్పడానికి కోవిల్‌పట్టి నుంచి తిరుపతిసామి మామ వచ్చాడు.

మామ ఇసుక మూటలు మోసే కూలీగా ఈ పనిలోకి దిగాడు. నల్లరేగడిలో కట్టుకున్న ఆయన ఇంటి గోడ పగిలి, సందులో దువ్వెన దూరేదట. ఆ కోపంతోనే నేల గుణం నేర్చుకున్నాడు. ఇప్పటికీ గుంటలోకి చెప్పులు విప్పే దిగుతాడు. భక్తి కాదు, అరికాలికి తెలియాలట.

గుంట అడుగున ఇనుప పలక, పైన ఇసుక మూటల గుట్ట. ఆ గుట్టకు ఆనించిన జాకీతో పలకను కిందికి నొక్కుతారు. పలక ఎంత దిగిందో గడియారం లాంటి మీటరు చూపిస్తుంది. ఆ మీటరును గుంటకు అడ్డంగా వేసిన సన్నటి కమ్మీకి బిగిస్తారు. పొద్దున్నే, చీమలు పట్టకుండా, మూటల చాటున ఆ కమ్మీకే నా సంచి తగిలించాను.

మధ్యాహ్నం ఆకలేసి తీశాను. బరువు పోయిన కమ్మీ మీటరుతో సహా పైకి లేచింది. మీటరు ముల్లు, పలకే దిగినట్టు, గిర్రున ఒక చుట్టు తిరిగింది.

"అయ్యో మామా, నేల దిగిపోయినాదా?" అక్క కూలబడింది.

మామ జాకీ దగ్గరి రెండో మీటరు చూశాడు, అది జాకీ ఎంత బలంగా నొక్కుతోందో చూపేది. "నేల దిగుంటే ఇది పడాలమ్మా. ఇది కదలనే లేదే." తర్వాత నన్ను చూశాడు. నా నోట్లో ఇడ్లీ.

"డేయ్, ఆ సంచి యాడ వుండె?"

చూపించాను.

"మళ్లీ తగిలించు."

ముల్లు వెనక్కి వచ్చింది గానీ, పూర్తిగా రాలేదు.

"ఎన్ని తింటివిరా?"

"నాలుగు, మామా."

తిన్నదానికి బదులు నాచేత సంచిలోని ఇడ్లీ డబ్బాలో పిడికెడు పిడికెడు ఇసుక పోయించాడు, నోట్‌బుక్కులో రాసుకున్న అంకె దగ్గరికి ముల్లు వచ్చేదాకా. తర్వాత జాకీతో బరువు పెంచుకుంటూ పని సాగింది. చివరి బరువుకు ముల్లు కాస్త కదిలి, ఆగిపోయింది.

"మోస్తాదమ్మా. మగ్గాలు తెచ్చుకో."

అక్క ఏడుస్తూనే నవ్వింది. నాకూ ఊపిరి వచ్చింది.

"ఈసారి తినేసే వస్తా మామా."

"బాగా తినేసే రారా. వచ్చి ఆ మూటల మీద కూర్చో. బరువుకైనా పనికొస్తావు."