పెద్దమ్మ తీసేసిన ముడతలు

మా పెద్దమ్మకి బొమ్మలు గీయడం రాదంటే ఒప్పుకోనిది ఆవిడ ఒక్కతే. పెళ్లయిన దగ్గర్నుంచీ పెదనాన్నతో కలిసి ఇస్త్రీ కొట్టు నడిపిన మనిషి. ఆవిడ చేతికింద పడ్డ గుడ్డకి ముడత అన్నది మిగలదు. పెదనాన్న పోయాక ఆ చెయ్యి పెన్సిల్ పట్టుకుంది. ఎందుకో నాకు చెప్పలేదు. గ్రంథాలయం మేడమీద సాయంత్రాలు జరిగే డ్రాయింగ్ క్లాసుకి తీసుకెళ్లడం మాత్రం నా నెత్తిన పడింది.

మొదటిరోజు మాస్టారు కుర్చీ మీద ఒక దుప్పటి పడేసి, పక్కన దీపం పెట్టి గీయమన్నాడు. అందరి కాగితాల మీదా దుప్పటి కిందికి జారుతోంది. పెద్దమ్మది అట్టముక్కలా నిలబడింది.

"ముడతలన్నీ ఏమయ్యాయమ్మా?" అన్నాడు మాస్టారు.

"తీసేశాను బాబూ. చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాను?"

నేను పకపకా నవ్వాను. మాస్టారు నవ్వలేదు. "ముడత అంటే గీత కాదమ్మా. ఒకపక్క వెలుగు, ఒకపక్క నీడ. గుడ్డ కింద ఏముందో చెప్పేది అదే" అని, ఆవిడ కాగితం మూలన ఒక గుండ్రం గీసి, పెన్సిల్‌ని పడుకోబెట్టి ఒకవైపు మెల్లగా నలుపు చేశాడు. గుండ్రం కాస్తా బంతి అయింది.

అప్పట్నుంచి ఇంట్లో కంటికి కనిపించిందల్లా ఆవిడ కాగితం మీదికి ఎక్కింది. ఉల్లిపాయ, చెప్పు, చివరికి ఇస్త్రీపెట్టె. అది చూసి మాస్టారు, "నొక్కితే లోపలికి పోయేలా ఉందమ్మా. ఇనుము మీద వెలుగు టక్కున తెగిపోతుంది. గుడ్డ మీదైతే నెమ్మదిగా తగ్గుతుంది" అన్నాడు. ఎప్పటిలాగే మూలన గీసి చూపించాడు. పెద్దమ్మ మూతి ముడుచుకుంది. ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టింది. నాకైతే ఓపిక నశించింది.

"ఈ వయసులో నీకెందుకు పెద్దమ్మా ఈ తిప్పలు?" అన్నాను.

ఆవిడ బీరువాలోంచి పెదనాన్న నీలం చొక్కా తీసింది. చక్కగా మడత పెట్టి ఉంది.

"ఆ గోడమీది ఫొటోలో ఉన్నది ఆయన కాదురా. స్టూడియోవాడు మొహమంతా నున్నగా చేసి ఇచ్చాడు. రోజూ అదే చూస్తుంటే అసలు మనిషి చెరిగిపోతున్నాడు. ఈ చొక్కాలోనైనా ఉండేవాడు. విప్పినది విప్పినట్టు ఉంచుకోవాల్సింది. అలవాటుకొద్దీ ఉతికి ఇస్త్రీ చేసేశాను. మోచేతి దగ్గర ఆయన ముడతలు ఉండేవి. ఈ చేతుల్తోనే తీసేశాను."

ఆ రోజు నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

"రేపు నువ్వు తొడుక్కోరా. పొద్దున్నించీ సాయంత్రం దాకా విప్పకు."

తొడుక్కున్నాను. తిన్నాను, చదివాను, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాను. సాయంత్రం దాన్ని జాగ్రత్తగా కుర్చీకి తగిలించాం. పెద్దమ్మ ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు. నీ మోచెయ్యి పైకే ఉంది. ఆయనది ఇంకా కిందికి. ఇస్త్రీపెట్టె పట్టుకుని పట్టుకుని కుడిచెయ్యి ఎప్పుడూ వంగే ఉండేది. అక్కడ ముడతలు ఒకదాని మీద ఒకటి పడేవి. ఆ భుజం కూడా..."

ఆగిపోయింది. అదంతా తనకి గుర్తుందని అప్పటిదాకా ఆవిడకే తెలియదు. ఇక నా వైపు చూడలేదు. నా ముడతలు పక్కన పెట్టి, ఆయన ముడతలు గీయడం మొదలుపెట్టింది. ఎన్ని కాగితాలు చింపిందో లెక్కలేదు.

చివరికి నిలిచిన బొమ్మని మాస్టారి ముందు పెట్టింది. ఖాళీ కుర్చీకి తగిలించిన చొక్కా, అంతే. అది ఎవరిదో మేము చెప్పలేదు. మాస్టారు చాలాసేపు చూశాడు. మూలన ఏదైనా గీస్తాడేమోనని పెద్దమ్మ పెన్సిల్ అందించింది. ఆయన అందుకోలేదు.

"ఈయన కుడిచేత్తో బరువుపని చేసేవారా అమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశావురా, కనబడ్డాడు" అంది.