పెదనాన్న పదో రోజున నా మట్టికాకి

పైలోకానికి బయలుదేరిన మనిషికి దారిలో అడ్డంగా కూర్చున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేనే ఆ మనిషిని. పగ ఉండి చేసిన పని కాదు, కళ ఉండి చేసింది. కళ ఇంత పని చేస్తుందని ముందే తెలిస్తే హాయిగా చుట్టలు అలవాటు చేసుకునేవాణ్ణి.

ఎనభైల చివర బిలాస్‌పూర్ రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తాగా ఉండేవాణ్ణి. పెళ్లి కాలేదు. డ్యూటీ దిగాక అర్పా నది ఒడ్డు నుంచి సైకిలు మీద బంకమట్టి తెచ్చుకుని జంతువుల బొమ్మలు చేసేవాణ్ణి. మామూలు జంతువులు కావు. కళ్లజోడు పెట్టుకున్న గేదె, కాలు మీద కాలేసుకుని బెంచీ మీద కూర్చున్న మేక, రైలు తప్పిపోయిన మొహంతో ఎలుగుబంటి. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నా చేతిలో కోతిని చేయబోయినా వినాయకుడే అయ్యేవాడు. చూసినవాళ్లంతా నవ్వేవారు. బొమ్మను చూసి నవ్వుతున్నారో, నన్ను చూసి నవ్వుతున్నారో విచారించే తెలివి అప్పట్లో లేదు. నవ్వితే చాలు, పొంగిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా పెదనాన్న పోయాడు. ఇంజను డ్రైవరుగా రిటైరై, రెండేళ్లు గుండెజబ్బుతో మంచం పట్టి పోయాడు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయిన నన్ను పెంచింది ఆయనా, పెద్దమ్మా. వాళ్లబ్బాయి రమణన్నయ్య లోకో షెడ్డులో ఫిట్టరు. ఎనిమిదో రోజున నా క్వార్టరుకు దిగులుగా వచ్చాడు.

"ఒరే, పదో రోజు కాకి ముట్టకపోతే ఏటి సెయ్యాల? మొన్న తిఫ్రా కాలనీలో ఒకల పదో రోజుకి మూడు గంటల దాకా రానేదట. అమ్మ పొద్దుట్నుండి అదే అడుగుతుంది."

పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవాడికి కోరికో కోపమో మిగిలిపోయిందని అర్థం. ఇది మీకు తెలిసిందే. నాకు తట్టిన ఉపాయం మాత్రం మీకు తట్టదు, మీకు బుద్ధి ఉంది కాబట్టి.

"ఒక కాకి కూకునుంటే పది కాకులొస్తాయి అన్నయ్యా. ఆ ఒక్క కాకినీ నాను సేసెడతాను."

"మట్టితోనా?"

"మట్టితోనే."

"అచ్ఛా," అన్నాడు అన్నయ్య. దుఃఖంలో ఉన్న మనిషి దేనికైనా అచ్ఛా అంటాడు. అది ఒప్పుకోవడం కాదని నాకు తర్వాత తెలిసింది.

రెండు సాయంత్రాలు కూర్చుని చేశాను. సైకిలు చువ్వలు విరిచి కాళ్లు పెట్టాను. ఒంటికి నల్ల బూటు పాలిష్ పట్టించి, క్వార్టర్ల వెనక రాలిన నిజం కాకి ఈకలు ఏరి తెచ్చి గుచ్చాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మరి కాకినే కన్నవాడికి ఎంత ముద్దుండాలి? ఆ మురిపెంలో, మట్టి ఇంకా ఆరలేదన్న సంగతి పట్టించుకోలేదు.

పదో రోజు అర్పా ఒడ్డున అన్నయ్యా నేనూ గుండ్లు చేయించుకున్నాం. పంతులుగారు విస్తరిలో పిండం పెట్టించారు. పక్కన రాతి మీద నా కాకిని నిలబెట్టాను. పెద్దమ్మ కాస్త దూరంలో, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ఇసుకలో కూర్చుంది.

ఐదు నిమిషాల్లో మొదటి కాకి వచ్చి కొమ్మ మీద వాలింది. నేను అన్నయ్యవైపు గర్వంగా చూశాను. సరిగ్గా అప్పుడే, తడిమట్టి బరువుకు చువ్వలు వంగి, నా కాకి మెల్లగా వెల్లకిలా పడి రెండు కాళ్లూ ఆకాశానికి చాపింది. చచ్చిపోయిన కాకి అచ్చం అలాగే ఉంటుంది. నా జన్మలో అచ్చం అలాగే వచ్చిన బొమ్మ అదొక్కటే.

కొమ్మ మీది కాకి కెవ్వుమంది. పావుగంటలో ఊళ్లో కాకులన్నీ సంతాపసభకు వచ్చినట్టు వచ్చేశాయి. చెట్ల నిండా, తీగల నిండా కాకులే. ఒక్కటీ కిందికి దిగదు.

"నాన్నా, అమ్మని నాను సూసుకుంతాను, ముట్టు," అన్నాడు అన్నయ్య.

కాకులు గోల పెంచాయి.

"మావయ్యా, ఈయాల్టి నుండి తాగుడు మానేత్తాను," అన్నాడు పెదనాన్న మేనల్లుడు, మా బావ. కాకులు నమ్మలేదు. మేమూ నమ్మలేదు.

"ఇంకేదో ఉంది. ఎవరి మనసులో ఏముందో చెప్పేయండి," అన్నారు పంతులుగారు.

పెద్దమ్మ లేచి విస్తరి దగ్గరికి వచ్చింది.

"నానే," అంది. "పోయే ముందు రోజు సేపల పులుసు అడిగినాడు. ఉప్పూ కారం తగలకూడదని డాకటరు సెప్పినాడు కదా. నాను ఇసుక్కుని, సచ్చేవోడికి సేపలెందుకు అనేసినాను. తెల్లారికి నిజంగానే ఎల్లిపోనాడు."

ముప్ఫై మంది చుట్టాల ముందు ఆమె మోకాళ్ల మీద కూర్చుని, "తప్పయిపోనాది, ముట్టయ్యా," అని దండం పెట్టింది. కాకులు బెదురుతున్నది నా బొమ్మను చూసేనని అప్పటికి నాకు తెలుసు. ఆమె నోరు విప్పకముందే తెలుసు. చెబితే అందరూ నన్ను చూసి నవ్వుతారని నోరు మూసుకున్నాను.

చెప్పే ధైర్యం లేనివాడికి ఉపాయాలెక్కువ. మెల్లగా వెళ్లి బొమ్మను కాళ్లు పట్టుకుని ఎత్తాను. చచ్చిన కాకిని చేత్తో పట్టుకున్న మనిషి గురించి కాకులు ఏమనుకుంటాయో మీకు తెలియకూడదని కోరుకుంటున్నాను. అప్పుడే గొరిగిన గుండు. మొదటి ముక్కుపోటుకే నాకు కైలాసం కనబడింది. ఇసుకలో పరుగు. వెనక ఆకాశం నల్లగా వస్తోంది.

"వదిలేరా దాన్ని," అని అన్నయ్య అరుస్తున్నాడు. కంగారులో నేను మరింత గట్టిగా పట్టుకుంటున్నాను.

చివరికి నీళ్లలోకి విసిరేశాను. మట్టి కరిగిపోయింది, ఈకలు తేలాయి. నెత్తురోడుతున్న గుండుతో తిరిగొచ్చి పెద్దమ్మ ముందు నిలబడ్డాను.

"పెదనాన్నకి కోపం నేదు పెద్దమ్మా. కాకులు రానిది నా బొమ్మ వల్ల."

"నీకెప్పుడు తెలిసినాది?"

"ఇందాకే."

"నాను సెప్పకముందా, సెప్పినాకా?"

నేను తల దించుకున్నాను. ఆమె కొంగుతో నా గుండు మీది నెత్తురు తుడిచింది. గట్టిగానే తుడిచింది.

"అందరూ ఇనేసినారు," అంది.

పంతులుగారు దగ్గరికొచ్చి, "బాబూ, అవి నిన్ను గుర్తుపెట్టుకున్నాయి. నువ్వుంటే దిగవు. కనబడనంత దూరం వెళ్లు," అన్నారు. పెంచిన తండ్రి పదో రోజున వంతెన కింద ఒంటరిగా నిలబడ్డాను. కాసేపటికి అన్నయ్య వచ్చాడు.

"ముట్టినాది," అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్విలగెల్లినావు, అదలగొచ్చినాది."

ఏడాది పాటు ఎండా వానా లేకపోయినా గొడుగేసుకుని డ్యూటీకి వెళ్లాను. పెద్దమ్మ నాకు అన్నం పెట్టడం మానలేదు. ఆ రోజు సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఎత్తింది పదేళ్ల తర్వాత, ఊరి పక్క ఉస్లాపూర్‌లో అన్నయ్య కట్టుకున్న ఇంట్లో, ఆమె మంచాన పడ్డాక. నన్ను దగ్గరికి పిలిచింది.

"నా పదో రోజుకి నువ్వు రాకు."

"అలగే పెద్దమ్మా."

"కోపం కాదురా. కాకి ఆలీసమైతే రమణ నలుగురిలో ఏటేటి ఒప్పుకోవాల్సొస్తాదో. ఆడికి పెళ్లాముంది."

మాట ప్రకారం ఆ రోజు కిటికీలు మూసుకుని నా క్వార్టరులో కూర్చుని ఏడ్చాను. విస్తరి వేసీ వేయకముందే కాకి వచ్చిందట.

కావున పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా రెండు ప్రమాణాలు చేస్తున్నాను. రెక్కలున్న ఏ ప్రాణినీ ఇకపై మట్టితో చేయను. తప్పు నాదైనప్పుడు, ఇంకొకరు ఏడవక ముందే నోరు విప్పుతాను. వీటిలో మొదటిదాన్ని ఇంతవరకూ తప్పలేదు.