మాస్టారు ఇసుకలో చెప్పిన పాఠం

మా మాస్టారు పోయారని బరంపురం నుంచి కాలేజీ గుమాస్తా ఫోన్ చేశాడు. సంతాపసభలో నన్ను మాట్లాడమంటారా అని అడిగాను ముందు. ఎలా పోయారన్నది తరవాత అడిగాను. అలాంటి మనిషినన్నమాట నేను!

ఆయన మాకు రాజనీతిశాస్త్రం చెప్పేవారు. శనివారాలు సముద్రపొడ్డున ఉన్న జాలరి పల్లె చమఖండి తీసుకెళ్లి, వలలు అల్లేవాళ్ల దగ్గర ఇసుకలో తువ్వాలు పరిచి కూర్చోబెట్టేవారు. కాగితం తీయనిచ్చేవారు కాదు. అలాగని లెక్కలంటే ఆయనకు చులకన లేదు. "లెక్కా కావాల, మాటా కావాల. రెండు కళ్లలో ఏది పొడుసుకుంటావు నాయినా?" అనేవారు.

చమఖండి ఓటర్ల మీద నా పరిశోధన, గైడు ఆయనే. రెండు రోజుల్లో ఇంటింటా ఫారాలు నింపించేశాను. అందరిదీ ఒకే జవాబు. కులపెద్ద ప్రతి ఇంటికీ వెంట వచ్చి కూర్చుంటే, నాకిచ్చిన మర్యాద అనుకుని మురిసిపోయాను. మాస్టారు కట్ట విప్పి చూశారు.

"పెద్ద పక్కనే కూకున్నాడేటి?"

"అవునండీ, బాగా సహకరించారు."

"అయితే ఇయ్యన్నీ ఆయన జవాబులే. మళ్లీ ఎల్లు. ఈసారి ఒట్టి సేతుల్తో ఎల్లు."

వెళ్లలేదు. గైడును మార్చుకున్నాను. డాక్టరేటు వచ్చింది, ఆ తరవాత శాఖాధిపతి కుర్చీ కూడా.

కుర్చీ ఎక్కగానే ఆయన పేపరు సిలబస్‌లోంచి తీయించాను. "ఇసుకలో కబుర్లకి మార్కులెందుకండీ?" అన్నాను మీటింగులో. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆపైన గణాంకాల పేపరు ఆయన నెత్తిన పెట్టాను. "మంచిదే నాయినా, నేర్సుకుంటాను" అని, లెక్కల శాఖ క్లాసులో పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నారు. పాఠం చెబుతూ బోర్డు మీద ఆయన తప్పు వేస్తే పిల్లలు వెక్కిరించేవారు. నేను వరండాలో విని దాటిపోయేవాణ్ణి. నిజం చెప్పాలంటే సంతోషించేవాణ్ణి.

సభలో ఆయన్ని తండ్రిలాంటివారు అన్నాను, చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే, వెనక నేల మీద కూర్చున్న చమఖండి ముసలామె ఒకతె పిలిచింది.

"కాయితాలట్టుకొచ్చిన బాబువి కదూ? ఆ యేడు మేం ఎవులికి ఓటేసేమో నీకింకా తెల్దు గదా?"

ఆగి ఆమె వైపు తిరిగాను.

"మాస్టారికి అప్పుడే సెప్పేసేం. బయటికి సెప్తే నీ డిగ్రీ పోతాదని, ఎవులి దగ్గరా నోరిప్పొద్దని మాకాడ ఒట్టేయించుకున్నారు. ఇప్పుడాయన లేరు గదా. కూకో, నీకూ సెప్తాను."

ఆమె పక్కకు జరిగి నేల మీద చోటు చూపించింది. ఇస్త్రీ ప్యాంటు నలుగుతుందని నేను నిలబడే ఉన్నాను.